సైకిల్ ట్రాక్ మీద ఎనిమిది బర్రెలు

ఒక్క సైకిల్ గంటతో సర్కారీ కార్యక్రమాన్ని మట్టిపాలు, కాదు కాదు, పేడపాలు చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఎలా జరిగిందో వినండి.

మాది గౌలిపుర. మూడు తరాలుగా పాల వ్యాపారం, ఇంట్లో ఎనిమిది బర్రెలు. నేను మాత్రం డిగ్రీ చదివి వార్డు ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. పేడ వాసన ఆఫీసుదాకా వస్తుందేమోనని రెండుసార్లు సెంటు కొట్టుకునేవాణ్ణి. బర్రెల సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. సిగ్గు, అంతే. వాటికి ఒక్కనాడైనా పిడికెడు గడ్డి వేసిన పాపాన పోలేదు.

ఆ ఏడాది జనం బండ్లు మానేసి సైకిళ్లు తొక్కాలని సర్కారుకు తోచింది. మా సందు పక్కన రోడ్డు అంచుకు ఆకుపచ్చ రంగు పూసి సైకిల్ ట్రాక్ అన్నారు. ప్రారంభోత్సవం పని మా ఆఫీసు మేడం నాకు అప్పజెప్పింది. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి. పొడిగించాలన్నా, ఇంటికి పంపాలన్నా ఆమె సంతకమే.

"ట్రాక్ మీదికి పశువులేమీ రావు కదా?" అని అడిగింది.

"ఈడ పశువులెక్కడియి మేడం? నేను పుట్టి పెరిగిన జాగ, నాకు తెల్వదా?"

"సరే. జెండా ఊపగానే ఏదైనా కొత్తగా ఉండాలి."

"అందరం ఒక్కపారే గంట కొడదాం మేడం. మూడుసార్లు. ట్రింగ్, ట్రింగ్, ట్రింగ్!"

ఆ మూడుసార్ల ఆలోచన ఎక్కడినుంచి ఊడిపడిందో నాకే తెలియదు. మేడం మాత్రం మురిసిపోయింది.

ఆదివారం పొద్దున నలభై సైకిళ్లు, రిబ్బన్లు, ముఖ్య అతిథిగా పెద్ద సారు. జెండా ఊగింది. నలభై గంటలు మూడుసార్లు మోగాయి.

సందు మలుపులో మా బర్రె ఒకటి ప్రత్యక్షమైంది. దాని వెనక ఇంకోటి. తోకలు పైకెత్తి మా మీదికే పరుగు!

"ఏమిటయ్యా ఇది?" అంది మేడం.

"తొవ్వ తప్పినట్టున్నయి మేడం. ఇప్పుడే ఎల్లగొడత."

సైకిలెక్కి ఎదురెళ్లి గంట కొట్టాను. అవి పరుగు పెంచాయి. ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకో రెండొచ్చాయి. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు కదా, అలా ఉన్నా బాగుండేది. ఇవేమో పెళ్లి భోజనానికి పిలిచినట్టు వస్తున్నాయి! నా బుర్ర పనిచేయడం మానేసింది. గంట కొడితే పక్కకు జరగాలి కదండీ? మరి లోకంలో గంట ఉన్నది దేనికి?

"అందరు కొట్టున్రి!" అని కేక వేశాను. అందరూ కొట్టారు. ఎనిమిదీ వచ్చేశాయి. ఒకటి పెద్ద సారు మెడలోని పూలదండ నమలసాగింది. ఇంకోటి ఆప్యాయంగా నా భుజం నాకుతోంది.

"ఎవరివయ్యా ఇవి?"

"తెల్వదు మేడం."

అప్పుడే లుంగీ ఎగ్గట్టి మా బాపు పరుగెత్తుకొచ్చాడు. "అరే, గంట బంద్ చెయ్‌రా!"

"ఎల్లగొడుతున్న బాపు!"

"ఎల్లగొట్టుడా? రోజు నేను సైకిల్ మీద గడ్డి తెచ్చి మూడుసార్లు గంట కొడితెనే అవి మేతకొస్తయి! ఇరవై అయిదేండ్ల సంది ఇదే ఇంట్ల ఉంటున్నవ్, గిది గూడ తెల్వదా?"

మేడం ఒకసారి నన్ను, ఒకసారి బాపును, ఒకసారి నా భుజం నాకుతున్న బర్రెను చూసింది. కొరివితో తల గోక్కున్నవాళ్లు చాలామంది ఉంటారు. గంటతో గోక్కున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"వీటిని తోలుకెళ్లండి పెద్దాయనా," అంది మేడం.

"నేను తోలితే రావమ్మా. గడ్డొచ్చిందని నమ్మినయి. గంట కొట్టినోడే ముందు నడవాలె."

రిబ్బన్ల సైకిల్ మీద గంట కొడుతూ నేను, నా వెనక వరసగా ఎనిమిది బర్రెలు. పెద్ద సారు ఏం చేయాలో తోచక మళ్లీ జెండా ఊపాడు. బర్రెలున్నందుకు కాదు, మా ఇంటి బర్రెలనే ఎవరివో "తెల్వదు" అన్నందుకు ఆ దారి పొడుగునా తల ఎత్తలేకపోయాను.

మర్నాడు మేడం పిలిచింది. ఉద్యోగం ఊడిందనుకుని నా బల్ల మీది సామాన్లు సర్దుకునే వెళ్లాను.

"కాంట్రాక్టు పొడిగించాను," అంది. "ఇకనుంచి ట్రాక్ మీదికి పశువులు రాకుండా చూసే డ్యూటీ నీది."

"నేనే ఎందుకు మేడం?"

"ఈ ఆఫీసులో ఎవరి మాటా ఎవరూ వినరు. నీ మాట ఎనిమిదిమంది వింటున్నారు."

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఇంటి పాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో సర్కారుకు సలహా ఇవ్వను. డ్యూటీలో గంట ముట్టను. దండం పెట్టి, "జరగండమ్మా, జరగండి" అని నోటితోనే బతిమాలుతాను. అవి జరగవనుకోండి, అది వేరే సంగతి.