సదాశివరావుగారి తోకలు

దేశ రాజధానిలో, సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో ఉండే సదాశివరావుగారికి ఒకటే పిచ్చి. ఇంగ్లీషు క్రియకు తోక తప్పితే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. పుట్, టేక్, పాస్ లాంటి మాటల వెనక వచ్చే అప్, ఆఫ్, అవుట్‌లనే ఆయన తోకలనేవారు.

"పుట్ అప్ అంటే ఫైలు పై ఆఫీసరు ముందు పెట్టడం. పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం. మా సెక్షన్లో మొదటిది రాస్తాం, రెండోది చేస్తాం" అనేవారు. కూరగాయల బండివాడు కూడా ఈ పాఠం వినాల్సిందే. వాడు "ఠీక్ హై, బాబూజీ" అని తలూపి, ఆ విసుగంతా తీరేలా బంగాళాదుంపల్లో రెండు కుళ్ళినవి కలిపేవాడు.

పైవాటాలో ఉండే కస్తూరి చదివింది తెనాలిలో, తెలుగు మీడియంలో పదో తరగతి. ఒక చలికాలం మధ్యాహ్నం ఆమె మర్యాదగా, "ఎండొచ్చింది అంకుల్, స్వెటర్ పుట్ ఆఫ్ చెయ్యండి" అంది.

"టేక్ ఆఫ్! పుట్ ఆఫ్ చేస్తే స్వెటర్ వచ్చేవారానికి వాయిదా పడుతుంది!"

"పడనివ్వండి. దాని ఉతుకుడు ఏళ్ళ తరబడి వాయిదా పడుతూనే ఉందిగా" అంది ఆయన భార్య అనసూయ లోపల్నుంచి.

కస్తూరి కడుపు పట్టుకుని నవ్వింది. అప్పట్నుంచి ఏ ఇంగ్లీషు ముక్క కనబడినా కిందికి తెచ్చి దిద్దించుకునేది.

తొంభై మూడు జనవరిలో ఆమె తెచ్చింది టెలిగ్రామ్. భర్త రఘునందన్ ఆఫీసు పనిమీద షిల్లాంగ్‌లో ఉన్నాడు. ఊళ్ళో కస్తూరి తల్లికి కొన్నాళ్ళుగా ఒంట్లో బాగాలేదు. మెట్లు దిగుతూ కస్తూరి ఒక్కొక్క మాటే కూడబలుక్కుంది. మదర్. పాస్డ్. అవే. అర్థమైంది. కానీ తను చదివింది ఎప్పుడూ తప్పే కదా, ఆయన దిద్దుతారు కదా అన్న ఆశ ఒకటి మిగిలింది.

"అంకుల్, దీని తోకేంటో చూడండి" అంటూ కాగితం అందించింది.

సదాశివరావుగారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పాస్డ్... అవుట్. అమ్మకి స్పృహ తప్పిందమ్మా, అంతే. వెంటనే బయల్దేరు" అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేకపోయారు.

ఎమర్జెన్సీ కోటాలో ఒక్క బెర్తే దొరికింది. ఆయన స్టేషనుకు వచ్చి, రైల్లో ఆమె పక్కనే కూర్చుని, అనసూయ కట్టిచ్చిన పెరుగన్నం బలవంతాన తినిపించారు. రైలు కదిలింది. "అంకుల్, దిగండి!" అని కస్తూరి కంగారుపడింది. ఆయన దిగలేదు.

ఫరీదాబాద్ దాటాక ఆమె మెల్లిగా అంది. "అమ్మ పోయింది కదా అంకుల్. నేనూ చదివాను."

ఆయన తల వంచుకున్నారు. "తప్పు చెప్పానమ్మా. నాలుగు ముద్దలు తింటావని."

"తిన్నాను అంకుల్" అని కస్తూరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. పాపం, ఎంతసేపు ఏడ్చిందో.

టీటీ వచ్చి ఆయన టికెట్ అడిగాడు.

"ఈ అమ్మాయిని సీ ఆఫ్ చెయ్యడానికి వచ్చాను" అన్నారాయన తన తెలుగు యాస హిందీలో.

"సీ ఆఫ్ వాలే ప్లాట్‌ఫామ్ పర్ రహ్‌తే హైఁ, అంకుల్‌జీ!"

"కరెక్ట్! సీ ఆఫ్ అంటే ప్లాట్‌ఫామ్ దాకానే. సీ త్రూ అంటే కష్టం గట్టెక్కేదాకా తోడుండటం. నేను తోక మార్చుకున్నాను. జరిమానా రాసుకో భయ్యా."

టీటీ నోరు తెరిచాడు. కస్తూరి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.