మామ వేలికి చెక్కిన పుల్ల

పోయినవాటిని లెక్కగడితే ఇంత: మట్టెవాడలో ఒక గది, అందులో ఆరు బల్లలు, పదకొండు మంది శిష్యులు, మామ పేరు ముందు నిలిచిన అధ్యక్షుడనే మాట, చివరికి మామ. మొన్న మోకాలి నొప్పికి మడికొండ దగ్గర కొత్తగా తెరిచిన ఆక్యుపంక్చర్ క్లినిక్కుకు వెళితే, అక్కడి చిన్న డాక్టరమ్మ నా బొటనవేలినే నా మోకాలి పక్కన ఆనించి కొలిచింది. నా కళ్ళలో నీళ్ళు చూసి, ఇంకా సూదే పెట్టలేదు కదా అంది.

డెబ్బైల చివర మా మేనమామ కలకత్తాలో ఆ చైనా వైద్యం నేర్చుకుని వచ్చి, మగ్గం మీద వంగి వంగి భుజాలు పట్టేసిన మా నేతపనివాళ్ళకు సూదులు పెట్టేవాడు. చుట్టుపక్కల జిల్లాల్లో ఆ పని చేసేవాళ్ళను ఒక సంఘంగా కూడగట్టి, దానికి అధ్యక్షుడయ్యాడు. సూది పెట్టే చోటుకైనా, దిగే లోతుకైనా ఎవరి ఒంటికి వాళ్ళ బొటనవేలి వెడల్పే కొలత అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. మెట్రిక్ తప్పి ఆయన దగ్గర పనికి చేరి, లెక్కలు సొంతంగా నేర్చుకున్న నాకు, మనిషికో రకంగా మారే కొలత ఒక కొలతగానే తోచేది కాదు. అందుకని మామ వేలి వెడల్పుకు గాట్లు పెట్టి ఒక వెదురు పుల్ల చెక్కుకున్నాను.

ఒకరోజు సంఘం పెద్దలు మామ పని చూడటానికి వచ్చారు. బయట వరుస పెరుగుతుంటే, త్వరగా తెములుతుందని నేను పుల్లతోనే అందరికీ గుర్తులు పెట్టి, లోతు చీటీల మీద రాసిచ్చాను. మామ నా లెక్కను నమ్మాడు. నాలుగో బల్ల మీద వరుసకు నాకు చిన్నమ్మ అయ్యే మనిషి ఉంది, బక్కపలచనిది, ఆమె వేలు మామ వేలిలో మూడింట రెండొంతులే. భుజం వెనక పెట్టిన సూది ఎక్కువ లోతుకు దిగి ఊపిరితిత్తికి తగిలింది. గంటలో ఆయాసం ముంచుకొస్తే రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. బతికింది.

ఆ వారమే సంఘం కూర్చుంది. కొలిచింది ఎవరని ఒక పెద్దాయన అడిగాడు. పుల్ల నా జేబులోనే ఉంది. మామ నా వైపు చూడకుండా, "సూది వెట్టింది నా చెయ్యి. పోరని ముచ్చట ఎందుకు?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన పదవి వదిలి, గదికి తాళం వేశాడు.

రెండు నెలలకు చిన్నమ్మే మా ఇంటికి వచ్చింది.

"పదిసార్లు సూదులు వెడ్తనంటివి గద అన్నా. ఏడే అయినయ్. భుజం లేస్తలేదు."

మామ ఆమె చేయి అందుకుని, ఆమె బొటనవేలిని తన వేలి పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. కొలత ఎక్కడ తప్పిందో ఆయనకు అప్పటికే తెలుసని నాకప్పుడు అర్థమైంది.

"చెయ్యి వణుకుతాంది చెల్లె," అన్నాడు.

అప్పుడైనా నేను నోరు విప్పలేదు. రెండేళ్ళకు మామ, ఆ మరుసటేడు చిన్నమ్మ పోయారు. చివరిదాకా ఆమె కుడిచేత్తో తల దువ్వుకోలేకపోయింది.

ఇప్పుడు సూదులు ఒక్కసారి వాడి పారేస్తున్నారు, బల్లలకు మెత్తలున్నాయి, గోడల నిండా చదువు పట్టాలున్నాయి. వేలి కొలత మాత్రం మామ చెప్పినట్టే ఉంది. పుల్ల నా దగ్గరే ఉంది. చిన్నమ్మకు మామ మాటిచ్చినవి పది, పెట్టినవి ఏడు. నా మీద ఉన్న బాకీ మూడు.