సుక్కి ఇంటికి తూర్పు గుమ్మం

అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమని కొట్టింది. విజయనగరంలో మా ఇంటి వెనక బట్టలారేసుకునే కాస్త జాగాలో మా అమ్మాయి రమ్య చతికిలబడి, గోడ ముక్కలు ఒకవైపూ కప్పు ముక్కలు ఒకవైపూ పేర్చుకుంటూ కూర్చుంది. ఇదంతా బన్ను కోసం. వీధి చివర మురిక్కాలవ పక్కన వణుకుతూ దొరికినప్పుడు చెప్పులో పట్టేటంత పిల్ల, ఇప్పుడు సోఫా మొత్తం తనదే అనుకునేటంత కుక్క. దానికి బయట ఒక ఇల్లుండాలని రమ్య ఎన్ని వీడియోలు చూసిందో, నేల కొలిచింది, మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడుతుందో కనిపెట్టింది, వాననీరు లోపలికి రాకుండా కింద ఇటుకలు పరిచింది. చివరికి ఫోనులో దిక్సూచి తెరిచి, "అమ్మా, గుమ్మం తూర్పుకి పెట్టేద్దామా? వాస్తు కూడా కలిసొస్తుంది" అని నవ్వింది.

తను వేళాకోళానికే అంది. కానీ కుక్కింటికి తూర్పు గుమ్మం అన్న మాట వినేసరికి ఆ ప్లాస్టిక్ వాసన ఎటుపోయిందో, నా ముక్కుకి పచ్చి తాటాకు వాసన, పేడ కలిపిన ఎర్రమట్టి వాసన, భాద్రపదమాసంలో నార కోసం గోగు కట్టలు నీళ్ళలో ఊరేసినప్పుడు ఊరంతా కమ్ముకునే ఆ కుళ్ళు వాసన, అన్నీ ఒక్కసారి తగిలాయి. గోగు కుళ్ళిన వాసనను తలుచుకుని మురిసిపోయేవాళ్ళు మా వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరేమో.

మా ఊరు గరివిడికి అవతల, మెట్ట ఎక్కువ, మడి తక్కువ. గాలివాటు బాగుంటే గరివిడి ఫ్యాక్టరీ సైరను మా పెరటి దాకా వినిపించేది, మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, దాన్ని బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టేది. తాతకి వరి, చోళ్ళు, అంటే రాగులు, నువ్వులు, గోగు పండించడం ఒక పని అయితే, ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా ముందుగా వెళ్ళి తాడేసి దిక్కులు చూసి పెట్టడం రెండో పని. ఆ రెండో పనికి వెళ్ళేటప్పుడు మాత్రం ఉతికిన పంచె కట్టి, భుజాన కండువా వేసుకుని, కొలతాడు చుట్ట చంకలో పెట్టుకుని మహా దర్జాగా నడిచేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషి. ఎంత బతిమాలినా గుమ్మం బెత్తెడు కూడా పక్కకి జరగనిచ్చేవాడు కాదు.

ఇంతా చేసి మా ఇంటి గుమ్మం పడమరకి ఉండేది. వీధి అటే ఉంది మరి, ఏం చేస్తాం! పాలివాళ్ళతో పంపకాల్లో తాత వంతుకి వీధికి తూర్పున ఉన్న వరస వచ్చింది. పడమర గుమ్మం శాస్త్రానికి తప్పు కాదని అందరికీ చెప్పేవాడు కానీ, ఎదురింటి వాళ్ళు పొద్దున్నే తమ గుమ్మంలో కూర్చుని ఎండ కాచుకుంటుంటే చూసి, చుట్ట కొరుకుతూ మొహం తిప్పుకునేవాడు. మా ఇంటి వెనక భాగమే తూర్పు. అటు వంటిల్లు, వంటింటి వెనక గుమ్మం, దాని ముందు పెరడు, పెరటి దడి దాటితే పొలాలు. పొద్దుపొడుపు మా ఇంట్లో గిన్నెలూ కుండలే చూసేవి.

ఆ పెరట్లోకి ఒక ఎండాకాలం, నేను తాటికాయ బుర్రలతో రెండు చక్రాల బండి చేసుకుని తోలుతుంటే, నా వెనకే నడిచి వచ్చింది ఒక ఎర్ర కుక్క. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉందని చుక్కి అని పేరు పెట్టాను, మా ఇంట్లో మాట మొదట్లో చకారం ఎవరి నోటా పలకదు కాబట్టి అది సుక్కి అయింది. మామ్మ చీపురు పట్టుకుని తరిమింది. "ఒసే గుంటా, అది గడప దాటి వొచ్చిందంటే నీ కాళ్ళిరగ్గొడతాను, దాన్ని కాదు" అని నాకు చెప్పింది. సుక్కికి ఆ మాట నాకంటే బాగా అర్థమైనట్టుంది, బతికున్నన్నాళ్ళూ ఆ గడప మీద కాలు పెట్టలేదు. దానికి ఎదురుగా, పెరట్లో, మొహం వంటింటికేసి పెట్టుకుని పడుకునేది. సైరను కూసాక మామ్మ అన్నం వార్చి, గంజిలో ఇన్ని మెతుకులూ ఉప్పుకల్లూ వేసి, "తగలడు" అని తిడుతూ మట్టి మూకుట్లో పోసేది. తిట్టని రోజు లేదు, పొయ్యని రోజూ లేదు.

మొదటిసారి సుక్కి గడ్డికుప్ప కింద గూడు చేసుకుని ఈనింది. దసరా వెళ్ళగానే వాయుగుండం పట్టింది. గడ్డిలోంచి నీళ్ళు కారి కారి ఆ కుప్ప అడుగంతా బురదైపోతే, తెల్లవారి చూసేసరికి ఒక్క పిల్లా మిగల్లేదు. సుక్కి వాటిని ఒక్కోదాన్నీ నోట కరుచుకుని తెచ్చి వంటింటి గుమ్మం ముందు వరసగా పెట్టింది. అది ఎందుకలా తెచ్చిపెట్టిందో నాకు అప్పుడు తెలియలేదు, భయంతో, దుఃఖంతో ఏడుపే ఏడుపు. మామ్మ తిట్టలేదు. ఆ రోజు గంజికి బదులు చోడి అంబలి కాచి, మజ్జిగ కలిపి, వానలో తడుస్తూ వెళ్ళి దాని ముందు పెట్టి వచ్చింది.

మరుసటేడు శ్రావణమాసం దాటుతుండగా సుక్కి పొట్ట మళ్ళీ బరువుగా ఊగడం మొదలుపెట్టింది. నాకు అన్నం సహించడం మానేసింది. ఈసారి పిల్లలు బతకాలి, నాకు అంతకంటే వేరే కోరిక లేదు. ఇంట్లోకి రానివ్వమని మామ్మని అడిగే ధైర్యం లేక తాత దగ్గరికి వెళ్ళి, "తాతా, సుక్కికి ఇల్లు కట్టవా?" అన్నాను. పక్కనే గోగునార వలుస్తున్న చిన్నాన్న పకపకా నవ్వాడు. తాత నవ్వలేదు. ఇల్లు అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఆయనకి నవ్వు రాదు. లేచి, ఉతికిన పంచె కట్టుకుని, తాడు చంకన పెట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు కదా, ఆ ఇల్లు కుక్కదైనా కష్టం కష్టమేనని అప్పుడు తెలిసింది. తాత లెక్కలో పొడుగునీ వెడల్పునీ గుణించి, భాగించి, మిగిలిన అంకెను బట్టి ఇంటికి ఒక ఆయం వస్తుంది. సింహాయం, గజాయం అయితే మంచిది, శ్వానాయం, అంటే కుక్క ఆయం పడిందా, ఆ ఇంట్లో పొద్దస్తమానం కొట్లాటలే. అందుకని శ్వానాయం వస్తే తాత వెంటనే తాడు కాస్త జరిపి మళ్ళీ కొలిచేవాడు. అలవాటు చొప్పున సుక్కి ఇంటికీ అలాగే జరపబోయాడు. చిన్నాన్న ఊరుకోకుండా, "అయ్యా, కుక్కింటికి కుక్కాయం కాక ఏనుగాయం ఎడతావేటి?" అన్నాడు.

తాత చేతిలో తాడు ఆగిపోయింది. ఆ రోజంతా అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ గాల్లో వేలితో లెక్కలు కట్టాడు. మర్నాడు పొద్దున్న అంబలి తాగుతూ తాగుతూ మూతి తుడుచుకుని, "ఒరే, శాస్త్రం రాసినోడు ఎర్రోడు కాదురా. ఇన్నేళ్ళబట్టీ ఈ ఆయాన్ని తోసేత్తన్నాను, దీనికీ ఓ ఇల్లుంటాదని తట్టనేదు" అన్నాడు. ఆ సంతోషంతో జన్మలో మొదటిసారి కావాలని శ్వానాయానికి తాడు వేశాడు. గుమ్మం మాత్రం తూర్పుకే అన్నాడు, పొలాలకేసి, పొద్దుపొడుపుకేసి. "నాకెలాగూ దక్కనేదు, దానికైనా దక్కనీ" అన్నాడు.

ఆ పని జరిగినన్నాళ్ళూ నాకు పండగే. చిన్నాన్న తాటి దుంగ చీల్చి నాలుగు గుంజలు చేశాడు, వాటికి వెదురు తడికెలు బిగించి, కొత్త గోగునారతో ముళ్ళు వేశాడు. తడికెల మీద మెత్తడానికి నేనూ తాతా మట్టీ పేడా కలిపి తొక్కాం. కప్పుకి పచ్చి తాటాకులు కోసుకొచ్చి, ఎండలో పరిచి, మీద రాళ్ళు పెట్టి అణిచి, చూరు కిందికి దిగేటట్టు దట్టంగా నేశారు. రాలిన తాటిపళ్ళు నిప్పుల మీద కాల్చి, పీచు పిసికి, ఆ పసుపుపచ్చ గుజ్జులో బియ్యప్పిండీ బెల్లమూ కలిపి మామ్మ రొట్టె కాలుస్తుంటే, ఆ వాసనకి చేతుల పేడ కడుక్కోవడం కూడా మరిచిపోయి పరిగెత్తేదాన్ని. అయిపోయిన రోజున తాత గడపకి పసుపు రాసి, పిడకల మీద చిన్న ముంతతో పాలు పొంగించాడు. "నోకం నవ్వుతాది" అని మామ్మ లోపల్నుంచే గొణిగింది గానీ, ఆ పాలలో బెల్లం ముక్క వేసి ఇచ్చింది తనే.

అంతా అయింది, సుక్కి మాత్రం లోపలికి పోలేదు.

పిలిచాం, బుజ్జగించాం, రొట్టె ముక్క లోపల పెట్టాం. మెడ మాత్రం చాచి ముక్క అందుకుని, వెనక్కి వచ్చి, ఆ కొత్త ఇంటి వెనక పక్కన వంటింటికేసి తిరిగి పడుకుంది. మట్టి తడి ఆరలేదని తాత అన్నాడు, తాటాకు వాసన గిట్టలేదని చిన్నాన్న అన్నాడు. ఎండుగడ్డి పరిచాం, నా పాత గౌను పరిచాం. తాత తాడు తెచ్చి మళ్ళీ కొలిచాడు, ఆయం సరిగ్గానే ఉంది. కుక్కకి శాస్త్రం తెలియదని విసుక్కున్నాడు. సుక్కి పొట్ట నేలకి తగులుతోంది. తూర్పున ఆకాశం నల్లబడుతోంది, సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. నేను దాని మెడ పట్టుకుని లోపలికి లాగితే మొదటిసారి నా మీద గుర్రుమంది. ఇక ఈసారి కూడా అంతేనని నాకు అనిపించింది. తడికె పట్టుకుని ఏడ్చేశాను.

చినుకులు మొదలయ్యాయి. తూర్పు గాలికి జల్లు తిన్నగా ఆ గుమ్మంలోంచే లోపలికి కొట్టి, పరిచిన గడ్డి తడవడం నా కళ్ళముందే కనిపిస్తోంది. అప్పుడు మామ్మ అన్నం వారుస్తున్నదల్లా గంజి గిన్నె అలాగే పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నన్ను చూసింది, సుక్కిని చూసింది, ఆ ఇంటిని చూసింది.

"ఆ కుక్క నన్ను సూసుకుని పడుకుంటాదర్రా. మీరేటి, దాని మొకం పొలానికేసి తిప్పినారు. గుమ్మం నాకేసి ఎట్టండి" అంది.

"పడమరకా?" అన్నాడు తాత.

"మనిల్లు ఎటేపున్నాది? మనం బతకనేదేటి? బేగి రండి, వోన పెద్దదవుతాది" అని గంజి గిన్నె గడప మీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, తనే ముందు వెళ్ళి ఒక గుంజ పట్టుకుంది.

తాత ఒకసారి పొలాలకేసి చూశాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది, ఆయన కోరుకున్న తూర్పు గుమ్మం అదొక్కటే కదా. తర్వాత కండువా తలకి చుట్టుకుని, చిన్నాన్న గునపంతో గుంజల మొదళ్ళు వదులు చేస్తుంటే, తనూ ఒక మూల పట్టాడు. మిగిలిన మూల నాది. నలుగురం ఎత్తి, తడుస్తూ, బురదలో జారుతూ, ఆ ఇంటిని మొత్తంగా తిప్పి వంటింటికేసి పాతాం. మామ్మ పొడిగడ్డి తెచ్చి పరిచి వెనక్కి వెళ్ళి తన గుమ్మంలో నిలబడింది. సుక్కి లేచింది, తడి ఒళ్ళు దులిపింది, పసుపు రాసిన గడప వాసన చూసింది, లోపలికి పోయి తన చుట్టూ తను తిరిగి, మామ్మకేసి గడప మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఆ ముసురులోనే ఈనింది. ముసురు తగ్గేసరికి అన్నీ బతికే ఉన్నాయి, ఎర్రవీ, తెల్లవీ, ఒకదానికి తల్లికున్న మచ్చే. సంతోషం పట్టలేక నేను పెరడంతా గెంతాను. కుక్క తన గడప దాటకూడదన్న మామ్మ, రోజూ అంబలి గిన్నెతో కుక్క గడప దగ్గరికి వెళ్ళి వంగి కూర్చునేది. తాత తన శాస్త్రం వదల్లేదు. కానీ ఆ తర్వాత ఎవరింటికి తాడు పట్టుకెళ్ళినా ముందు ఇంటావిడని పిలిచి, "అమ్మా, నువ్వు ఎక్కడ కూకుంటావు, ఎవుల రాక కోసం సూత్తావు?" అని అడగడం మాత్రం చిన్నాన్నా నేనూ చెవులారా విన్నాం.

ఇప్పుడు ఆ ఇంటి జాగాలో స్లాబు ఇల్లుంది, పెరడు లేదు. గట్ల మీద తాటిచెట్లు చాలా వరకు కొట్టేశారు, తాటాకు నేసే చేతులూ తగ్గిపోయాయి, గోగు ఊరేసేవాళ్ళు అక్కడా ఇక్కడా. సైరను వింటే ఎసరు పెట్టే మామ్మ లేదు, తాడు చుట్ట లేదు. ఇదంతా రమ్యకి చెప్పి, "తూర్పు వద్దే, ఇటు వంటింటికేసి తిప్పు" అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని తను ఒక పక్కా, నేను ఒక పక్కా పట్టుకున్నాం. ప్లాస్టిక్ ఇల్లు, నలుగురు అక్కర్లేదు, చులాగ్గా తిరిగింది.

బన్ను వాసన చూసింది, అనుమానపడింది, ఒకసారి నాకేసి చూసింది. నేను వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అది లోపలికి పోయి, చుట్టూ తిరిగి, గడ్డం బయటికి పెట్టి పడుకుని నా చేతుల్లోకి చూడడం మొదలుపెట్టింది. నా చేతుల్లో ఏమీ లేదు. కుక్కర్ వచ్చాక మా ఇంట్లో గంజి అన్నదే లేదు. రేపు పొద్దున్న కుక్కర్ పెట్టను, అన్నం వారుస్తాను.