నీటి మీద గద్దల నీడలు

ఎవరైనా దెయ్యాలనీ గాలులనీ చెబితే నవ్వేసేవాణ్ణి. ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర, ఒక కార్తీకమాసపు మధ్యాహ్నం నేను చూసింది మాత్రం ఇన్నేళ్లయినా మనసులోంచి పోలేదు.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. నేను ఆనకట్ట పనుల్లో పటాలు గీసే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. వానలు వెనకబట్టాక, ఎగువన నిలిచిన నీటి మీదికి డేగలూ, చేపల్ని తన్నుకుపోయే పెద్ద గద్దలూ వచ్చేవి. తీరిక దొరికితే దుర్భిణి పట్టుకుని వాటిని చూస్తూ గట్టు మీద కూర్చునేవాణ్ణి.

ఆ రోజు నా భార్య సుందరమ్మ పుట్టింటి నుంచి చంటిపాపతో పడవలో వస్తోంది. తోడుగా వాళ్ల అన్న. నాతోపాటు మా అమ్మ కూడా గట్టుకు వచ్చింది. గద్ద నీడ పడితే పసిబిడ్డలు చిక్కి శల్యమైపోతారని ఆవిడ భయం.

"ఇవాళైనా ఆ పక్షుల గోల మానెయ్యరా" అంది.

నిజానికి ఆకాశంలో ఒక్క పక్షీ లేదు. పడవ నది మధ్యకు వచ్చాక దుర్భిణి కంటికి పెట్టుకున్నాను. పడవ చుట్టూ నీటి మీద నల్లటి నీడలు తిరుగుతున్నాయి. రెక్కలు చాచిన గద్దల నీడలు. గబుక్కున తలెత్తి చూశాను. మబ్బుతునక కూడా లేదు. మళ్లీ చూసేసరికి అవి పడవకు ఇంకా దగ్గరగా జరిగాయి. సుందరమ్మ పాప మీదికి వంగి కొంగు కప్పుతోంది.

"ఏం కనపడుతోందిరా?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. వచ్చేస్తున్నారు" అన్నాను.

పడవ ఒడ్డుకు చేరింది. సుందరమ్మ దిగుతూనే అడిగింది.

"అన్ని గద్దలేంటండీ మా మీద? దారంతా తిరుగుతూనే ఉన్నాయి."

"ఏ గద్దలమ్మా? నాకొక్కటీ కనపడలేదు" అన్నాడు వాళ్ల అన్న.

నేను చూసిన సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు. అమ్మ పాపను అందుకుని ఇంటిదారి పట్టింది. చాలా రోజులు పాప కాస్త దగ్గినా ఇంట్లో అందరి గుండెలూ ఝల్లుమనేవి. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఇప్పుడు దానికీ పిల్లలున్నారు.

ఆ సంగతి సుందరమ్మకు చాలా కాలం తర్వాత చెప్పాను. విని ఆమె ముఖం పాలిపోయింది.

"నీడ పడుతుందనే కదండీ కొంగు కప్పాను" అంది. "కానీ నీళ్ల మీద ఒక్క నీడా లేదు. నాకు భయం వేసింది అందుకే."

ఆమె చూసిన పక్షులు నాకు కనపడలేదు. నేను చూసిన నీడలు ఆమెకు కనపడలేదు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.