పోచమ్మకు మొక్కిన కోడి

కోపంతోనే ఆ కోడిని గంప కింద మూశాను. పొద్దున డ్యూటీకి బయల్దేరేసరికి నా బండి సీటు మీద రెట్ట వేసి, పక్కనే నిలబడి నన్నే చూస్తోంది. పట్టుకుని పెరట్లో గంప బోర్లించి పైన రాయి పెట్టాను. నీళ్ల గిన్నె పెట్టాలని తోచింది. తోచినా పెట్టలేదు. నాందేడ్‌లో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలియనివాణ్ణేం కాదు.

దెగ్లూర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిన నా భార్య సాయంత్రం నాకంటే ముందే ఇల్లు చేరింది. నేను వచ్చేసరికి కోడి ఆమె ఒళ్లో తడిగుడ్డ మీద ఉంది. ముక్కు తెరుచుకుని ఉంది, మెడ నిలవడం లేదు.

"గంప మీద రాయి ఎవరు వెట్టిండ్రు?"

నేను బండి తాళం గోడకు తగిలించాను.

"ఎవరి కోసం మొక్కిన కోడి గిది? యాదికున్నదా?"

ఉంది. కిందటేడు కామెర్లతో నేను మంచం పట్టినప్పుడు, లేచి నడిస్తే కోడిని బలి ఇస్తానని పోచమ్మకు మొక్కుకుంది. కోడిపిల్లను తెచ్చి పెంచింది. ఆషాఢంలో ఇవ్వాలి. ఈలోగా చస్తే అమ్మవారు మొక్కు తిప్పికొట్టినట్టేనని ఆమె భయం.

తప్పయిందని అనాల్సిన చోట, "కోడే గదా, ఇంకోటి తెద్దాం" అన్నాను.

"నీకు కామెర్లయినప్పుడు, మొగుడే గదా, ఇంకొకన్ని తెద్దామని నేను అన్ననా?"

బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు తెచ్చి, ముక్కు విప్పి చెంచాడు పోశాను. కోడికి పొలమారింది. ఆమె నా చెయ్యి విసిరికొట్టింది.

"ఊపిరిల వోతయి! సంపుతవా?"

వేలు ముంచి ముక్కు అంచున ఒక చుక్క తాకించింది. కోడి దానంతటదే మింగింది.

"గిట్ల. ఇగ నువ్వే చెయ్. నేన్ ముట్ట."

కోడిని ఒళ్లో పెట్టుకుని గోడ వారన కూర్చున్నాను. రెండు చుక్కలు మింగి మూడోదానికి తల తిప్పేసుకునేది. ఒళ్లు మండిపోయి "తాగవే!" అని అరిచాను.

"నువ్వు గూడ గట్లనే మొఖం తిప్పినవ్," వంటింట్లోంచి గొంతు వచ్చింది. "జావ గిన్నె నా మీదికి ఇసిరినవ్."

విసిరాను. ఆమె చీర దులుపుకుని మళ్లీ జావ కాచి తెచ్చింది. సొట్టపడ్డ ఆ గిన్నెలోనే రోజూ మజ్జిగ తాగుతున్నాను. ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు. మళ్లీ వేలు ముంచాను.

ఆ రాత్రంతా నీళ్లే. మర్నాడు మెడ నిలిపాక పలుచటి జొన్న జావ, ఆ తర్వాత పెరుగులో మెత్తగా పిసికిన అన్నం. మెతుకుతో పాటు నా వేలూ పొడిచింది. నొప్పి పుట్టినా నవ్వొచ్చింది. అప్పుడే నోరు జారాను.

"మొక్కు మార్చుకుందామా? కొబ్బరికాయ కొడదాం."

ఆమె చేతిలోని పెరుగు గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"కొబ్బరికాయనా? మరి నీ పానం వాపస్ ఇస్తవా? దాని మీద గింత పావురం, గింత ప్రేమ, గంప మూసిననాడు ఏడికి వోయింది?"

ఆమె కళ్లు నిండాయి. దాన్ని చిన్ననాటి నుంచి పెంచిన చేతులు ఆమెవి. ఇవ్వాల్సిన బాధ కూడా ఆమెదే. అది తెలియక, దయ నాకొక్కడికే ఉన్నట్టు మాట్లాడాను.

ఆ గిన్నె కడిగి, నీళ్లు నింపి నీడలో పెట్టాను. కోడి నేను దూరం జరిగేదాకా ఆగి, అప్పుడు వచ్చి తాగింది. ఇప్పటికీ అంతే. ఆషాఢం దాకా ఆ గిన్నె నింపడం నా పని.