మిగిలినవాళ్ల ఊరికి సెనేటర్ వచ్చిన రోజు

మా హాల్బర్‌లో ఆడామగా అందరి జుట్టూ కత్తిరించేది ఆర్డిస్ టోలెఫ్‌సనే. మోంటానా గోధుమ పొలాల మధ్య ఉన్న ఈ చిన్న ఊళ్లో పార్టీ జెండా మోసేదీ ఆవిడే. మోయడమంటే ఊరికే పేరుకి. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ఓటింగ్ మా దాకా వచ్చేసరికి జూన్ అవుతుంది. అప్పటికి పెళ్లయిపోయి పందిరి కూడా పీకేసి ఉంటారు.

ఆ ఏడు మాత్రం పందిరి కదల్లేదు. సెనేటర్ కాడ్‌వెల్, గవర్నర్ రుథన్ పైక్ చలికాలం నుంచీ నువ్వా నేనా అని తలపడుతూనే ఉన్నారు. ఒక రాష్ట్రం ఈయన్ని గెలిపిస్తే మరో రాష్ట్రం ఆవిడని గెలిపించింది. మే నెల సగమైనా ఏదీ తేలలేదు. ఉన్నట్టుండి మా ఓట్లు కావలసినవైపోయాయి. ఆర్డిస్ కాళ్లు నేల మీద ఆనలేదు. కాడ్‌వెల్ అంటే ఆవిడకి ప్రాణం. కొట్టు అద్దం మీద ఆయన బొమ్మ అంటించింది. ఆయన గొప్ప వినకుండా ఎవరినీ కుర్చీ దిగనిచ్చేది కాదు.

ఒక పొద్దున నేను నా వంతు కోసం కూర్చుని ఉండగా టీవీలో ఆ మాట వినపడింది. ఎక్కడో సముద్రతీర నగరంలో ధనవంతుల విందులో కాడ్‌వెల్ నవ్వుతూ అంటున్నాడు: "ఆ మోంటానా ఊళ్లలో తెలివున్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. గాలీ, గోధుమలూ, మొండితనమూ మిగిలాయి."

సగం గడ్డం గీయించుకున్న రైతు ఆర్విల్ బ్రెక్కె కుర్చీలోనే గంతేశాడు.

"విన్నావా ఆర్డిస్? మీ పెద్దమనిషి మనకి బుర్రల్లేవంటున్నాడు!"

"నోర్ముయ్ ఆర్విల్. కత్తి నా చేతిలో ఉంది."

అంతే, ఆవిడ అదే కత్తితో వెళ్లి అద్దం మీది బొమ్మని గీకిపారేసింది. వెంటనే కాడ్‌వెల్ ప్రచార కార్యాలయానికి ఫోన్ కలిపింది. "ఆయన్ని ఇక్కడికే రమ్మనండి. ఆ మాట మా మొహాల మీద అనమనండి."

ఈ సంగతి పత్రికలవాళ్లకి పొక్కింది. ఇక రాకపోతే పిరికివాడనిపించుకుంటాడు. వచ్చాడు.

బడి ఆటల హాలు కిక్కిరిసిపోయింది. కిటికీల మీద కూడా మనుషులే. ఆర్డిస్ మైకు అందుకుంది. "తెలివిలేక ఈ ఊళ్లోనే మిగిలిపోయినదాన్ని. నా పేరు ఆర్డిస్." హాలు దద్దరిల్లింది.

కాడ్‌వెల్ కాగితం తీశాడు. "నా వ్యాఖ్యలను సందర్భం నుంచి వేరుచేసి..."

"కాగితం పక్కన పెట్టండి సెనేటర్ గారూ. ఎందుకన్నారు?"

ఆయన కాగితం మడిచాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఎదురుగా కూర్చున్నవాళ్లని నవ్వించాలనిపించింది. నవ్వారు."

"అంతేనా?"

"అంతే. సిగ్గుగా ఉంది."

వెనక నుంచి ఆర్విల్ అరిచాడు. "ఏదీ, ఇప్పుడు మమ్మల్ని నవ్వించు అబ్బాయ్!"

కాడ్‌వెల్ బూట్ల వైపు చూసుకున్నాడు. "నేను పుట్టింది ఇంతకన్నా చిన్న ఊళ్లో. తెలివుండి బయటపడ్డాననుకునేవాణ్ని. ఇవాళ అర్థమవుతోంది, తెలివుండబట్టే మా ఊరివాళ్లు నన్ను పోనిచ్చారు."

నవ్వు ఉప్పెనలా లేచింది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ బల్ల చరిచింది. ఆర్డిస్ కూడా ఆపుకోలేకపోయింది.

సభ ముగిశాక ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. "బాగా చెప్పారు. నా ఓటు మాత్రం మీకు పడదు."

"ఇంకా కోపమేనా?"

"కోపం పోయింది. కానీ ఒక్క నవ్వు కోసం మమ్మల్ని అమ్మేశారు. ఓటు కోసం ఇంకెవర్ని అమ్ముతారో అని భయం."

ఆయన తలూపాడు.

ఓటింగ్ రోజు మా ఊళ్లో నేనెన్నడూ చూడనంత వరస. పెట్రోలు బంకు దాకా జనం, దారంతా వాదనలు. మా రాష్ట్రంలో ఈ ఓటు వేయడానికి ఆ పార్టీవాళ్లే కానక్కర్లేదు. మా జిల్లా వెంట్రుకవాసిలో పైక్‌కి దక్కింది, రాష్ట్రం మాత్రం కాడ్‌వెల్ ఎగరేసుకుపోయాడు. అరిచి అరిచి ఆర్డిస్ గొంతు పోయింది.

మర్నాడు ఆర్విల్ కొట్టుకొచ్చి తాపీగా చెప్పాడు. "నేను కాడ్‌వెల్‌కే వేశా. పుట్టి బుద్ధెరిగాక మీ పార్టీకి ఇదే మొదటి ఓటు."

"నీకేం పోయేకాలం?" గొంతు పెగలక గుసగుసగానే తిట్టింది ఆర్డిస్.

"నువ్వే కదా పిలిపించావు! మనిషి నచ్చాడు. తప్పంతా నీదే."

ఆవిడ తడి తువ్వాలు విసిరికొట్టింది. ఆర్విల్ తప్పుకున్నాడు, అది వెనక కూర్చున్న నా మొహానికి తగిలింది.