చార్టు టైముకి దిగుతుందన్నాను

చాలా ఏళ్లు ఒక చిన్న మాట నా గొంతులో అడ్డం పడి ఉండిపోయింది. "ఆగు" అన్న మాట. అది ఎందుకన్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదొక్కటే నా ధైర్యం.

మాది రైల్వే ఇల్లు. మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. మావాళ్లకి ప్రయాణమంటే పాసు రాయించుకోవడం, వెయిటింగ్ లిస్టులో ఉన్నా కంగారుపడకపోవడం. చార్టు తయారయ్యే వేళకి ఎలాగోలా బెర్తు దొరుకుతుందని నమ్మకం. విమానం టికెట్టు దీనికి తలకిందులు. చవక సీట్లు ముందే అయిపోతాయి, రోజు దగ్గరపడేకొద్దీ మిగిలినవాటి రేటు ఎక్కుతుంది. ఈ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అప్పట్లో ఊళ్లోనే టాటీబంధ్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. రోజూ చూసేదే.

లలిత నా తోటికోడలు. మరిది పోయాక చంటి కూతురితో మా దగ్గరే ఉండిపోయింది. అత్తయ్య అప్పటికే మంచం పట్టారు. తుడవడం, తిప్పి పడుకోబెట్టడం, తినిపించడం, అన్నీ లలితే. నేను ఆఫీసుకి వెళ్లి వచ్చేదాన్ని. అలా ఉండగా బెంగళూరులో ఒక హాస్టల్లో వార్డెన్ ఉద్యోగానికి లలితకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఉండడానికి గది ఇస్తారు, పిల్లకి చదువు. రైల్లో పోయి వచ్చేదాకా అత్తయ్యని ఎవరు చూస్తారని, చీటీ పాడుకుని మరీ విమానానికి సిద్ధపడింది.

"అక్కా, టికెట్టు ఇప్పుడే తీసేద్దుమేటి?" అంది రోటీ పిండి కలుపుతూ.

"ఆగు లలితా. అభీ రేటు ఎక్కువుంది. చార్టు టైముకి దిగిపోద్ది."

"పక్కా?"

"పక్కా."

అంతే. మళ్లీ అడగలేదు. వెయిటింగ్ లిస్టు మనుషులం కదా, ఆగమంటే ఆగుతాం.

ఎందుకన్నాను? ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె వెళ్లిపోతే నేను ఆఫీసు మానాలి, ఆ మంచం పక్కన నేను కూర్చోవాలి, ఆ వాసన నా చేతులకి పట్టాలి అని ఆ క్షణంలోనే అనుకున్నానా, లేక మాట నోరు జారాక దానికి కారణం వెతుక్కున్నానా, ఇన్నేళ్లు తవ్వుకున్నా తేలలేదు. పోనీ, మొదటిసారి నోరు జారిందనుకుందాం. ఆ తర్వాత? ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని ఆ రేటు ఎక్కుతుంటే చూశాను. ఇంటికొచ్చి, "ఇంకా దిగలేదు, ఆగు" అన్నాను. అది నోరు జారడం కాదు.

చివరికి టికెట్టు ఆమెకి అందనంత పైకి పోయింది. రైలెక్కినా ఇంటర్వ్యూ వేళకి చేరదు. ఆ సాయంత్రం లలిత ఎప్పటిలాగే అత్తయ్య దుప్పట్లు ఉతికింది. "నా ఖర్మక్కా, నువ్వేటి చేస్తావు" అంది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. టీ పెట్టుకుని తాగాను.

అత్తయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఆ చాకిరీ అంతా లలితే చేసింది. నేను ఆఫీసు మానలేదు.

మొన్న ఆమె కూతురికి హైదరాబాదులో ఉద్యోగం ఇంటర్వ్యూ వచ్చింది. ఫోన్లో విమానం టికెట్లు చూస్తూ, "పెద్దమ్మా, ఇప్పుడే తీసుకోనా, ఆగనా?" అని అడిగింది. ఈ కాలం పిల్ల, తెలియక కాదు, పెద్దదాన్నని అడిగింది. వంటింట్లోంచి లలిత, "ఆగవే, చార్టు టైముకి దిగిపోద్దని పెద్దమ్మే సెప్పింది" అంది.

"ఇప్పుడే తీసుకో. ఆగితే పెరుగుతుంది," అన్నాను.

లలిత గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"అప్పుడు నీకూ తెల్దు కదక్కా," అంది. తప్పించుకునే దారి తనే చూపించింది. ఊఁ అంటే సరిపోయేది.

"తెలుసు," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. లోపలికెళ్లి పొయ్యి తగ్గించింది. అడిగి ఉంటే మీకు చెప్పినదంతా చెప్పేదాన్నేమో. చెప్పేదాన్నా? తెలియదు.

ఆ రోజు నుంచి నన్ను అక్కా అని పిలవడం లేదు. వేళకి అన్నం వడ్డిస్తోంది. నేను తింటున్నాను. ముద్ద గొంతు దిగుతోంది.